టోడ్ మాడ్యూల్‌కి ఫీజు కట్టాలా, ఎస్‌క్యూఎల్ డెవలపర్ సరిపోతుందా?

ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మాయి అడిగింది: "ఎంసీఏ అయిపోయింది సార్, కడపలో పీఎల్ ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్ డేటాబేస్‌లో ప్రోగ్రాములు రాసే భాష) కోర్స్ చేస్తున్నా. ప్రొసీజర్లు (డేటాబేస్‌లో ఉంచే ప్రోగ్రాములు) డీబగ్ చేయాలంటే, అంటే తప్పు ఎక్కడుందో వెతకాలంటే, టోడ్ అనే టూల్ రావాల్సిందే, దానికి వేరే ఫీజు కట్టమంటున్నారు ఇన్‌స్టిట్యూట్‌లో. మా నాయనను మళ్ళీ డబ్బులడగాలంటే మనసొప్పట్లేదు. ఏ టూల్ నేర్చుకోవాలి?"

కట్టొద్దమ్మా. టోడ్ మంచి టూలే, కంపెనీల్లో చానా ఏళ్ళ నుంచి వాడుతున్నారు, కానీ అది లైసెన్స్ కొనాల్సిన సాఫ్ట్‌వేర్, వాడే కంపెనీలో చేరితే వాళ్ళే ఇస్తారు. బ్రేక్‌పాయింట్ పెట్టడం (కోడ్ ఏ లైన్ దగ్గర ఆగాలో గుర్తు పెట్టడం), లైన్ లైన్‌గా నడపడం, వేరియబుల్‌లో ఏముందో చూడటం ఏ టూల్లోనైనా ఇదే పని, బటన్లు ఉండే చోటు మారుతుంది అంతే. ఒరాకిల్ వాళ్ళ ఎస్‌క్యూఎల్ డెవలపర్ ఫ్రీ, దాంట్లో డీబగ్గర్ ఉంది, డేటాబేస్‌కి ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ 21సీ కూడా ఫ్రీనే, అది 2 జీబీ ర్యామ్ దాటి తీసుకోదు కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ చాలు.

వేసుకున్నాక ఇది చెయ్. మార్కెట్ యార్డులో శెనక్కాయలు అమ్మిన రైతులకు పేమెంట్ లెక్కగట్టే ప్రొసీజర్ ఒకటి రాయి, టేబుల్లో పదిమంది రైతులుంటే ఒకరికి మాత్రం హమాలీ కటింగ్ కాలమ్ నల్‌గా (విలువే లేకుండా) వదిలెయ్, లూప్‌లో ఒక్కొక్కరిదీ కటింగ్ తీసేసి టోటల్‌కి కలుపుతూ పో. చివర్లో టోటల్ ఖాళీగా వస్తుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు, కోడ్ ఎన్నిసార్లు చదివినా కరెక్ట్‌గానే కనపడుతుంది. అప్పుడు కలిపే లైన్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, కంపైల్ ఫర్ డీబగ్ కొట్టి, ఒక్కో లైన్ ముందుకు పోయే ఎఫ్8 కీ నొక్కుకుంటూ డేటా ట్యాబ్‌లో టోటల్ వైపే చూస్తా ఉండు. ఆ రైతు దగ్గరికి వచ్చేసరికి అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన అంకె మాయమై నల్ అవుతుంది, ఆ తర్వాత ఎంత కలిపినా నల్లే. నల్ బదులు సున్నా లాంటి విలువ పెట్టే ఎన్‌వీఎల్ ఫంక్షన్ ఎందుకు పెట్టాలో నీకు అక్కడ కళ్ళారా కనపడుతుంది, ఇంటర్వ్యూలో ఇది చెప్పావంటే అడిగేవాళ్ళకి నువ్వు నిజంగా చేసినదానివని తెలిసిపోతుంది.

చానామంది వదిలేసేది మొదట్లోనే. డీబగ్ కొట్టగానే పర్మిషన్ లేదంటుంది, అప్పుడు సిస్ అనే అడ్మిన్ యూజర్‌తో లాగిన్ అయ్యి నీ యూజర్‌కి డీబగ్ కనెక్ట్ సెషన్, డీబగ్ ఎనీ ప్రొసీజర్ అనే రెండు ప్రివిలేజ్‌లు గ్రాంట్ చెయ్. అయినా ఓఆర్ఏ-24247 ఎర్రర్ వస్తే భయపడాకు, డీబగ్ చేసేటప్పుడు డేటాబేసే తిరిగి నీ ఎస్‌క్యూఎల్ డెవలపర్‌కి నెట్‌వర్క్ కనెక్షన్ పెట్టుకుంటుంది, ఒరాకిల్ 12సీ వెర్షన్ నుంచి దానికి జేడీడబ్ల్యూపీ అనే పర్మిషన్ ఏసీఎల్‌లో (నెట్‌వర్క్ ఎవరు వాడొచ్చో చెప్పే జాబితాలో) విడిగా ఇవ్వాలి. అదీ ఇచ్చాక ఆగితే విండోస్ ఫైర్‌వాల్ చూడు.

ఇంకో మాట, దీన్ని నేను గట్టిగా చెప్తా. ఉద్యోగంలో ప్రొడక్షన్ డేటాబేస్ (కంపెనీ అసలు పని నడిచే డేటాబేస్) మీద డీబగ్గర్ సాధారణంగా పెట్టనివ్వరు. అక్కడ పనికొచ్చేది ఏం జరిగిందో రాసుకునేలా నువ్వు ముందే పెట్టుకున్న లాగ్ టేబులే, అది అటానమస్ ట్రాన్సాక్షన్‌తో (మెయిన్ పనితో సంబంధం లేకుండా విడిగా సేవ్ అయ్యేలా) రాస్తే మెయిన్ పని రోల్‌బ్యాక్ అయినా, అంటే వెనక్కి పోయినా, లాగ్ మిగులుతుంది. ఎక్సెప్షన్‌లో వెన్ అదర్స్ దెన్ నల్ అని రాసి ఎర్రర్‌ని మింగేసే అలవాటు మాత్రం ఇప్పుడే మానుకో, దాని బదులు ఫార్మాట్ ఎర్రర్ బ్యాక్‌ట్రేస్ లాగ్‌లో పెట్టు, ఏ లైన్‌లో పడిందో అదే చెప్తుంది.

రేపు వేరే డేటాబేస్ మీద పడితే టూల్ కూడా మారుతుంది. పోస్ట్‌గ్రెస్‌కి పీజీఅడ్మిన్‌లో డీబగ్గర్ ఉంది గానీ సర్వర్లో దాని ఎక్స్‌టెన్షన్ వేయాలి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మేనేజ్‌మెంట్ స్టూడియో 18లో డీబగ్గర్ తీసేశారు, విజువల్ స్టూడియో వాడాలి. అవి ఇప్పుడు ముట్టుకోవద్దు, ముందు శెనక్కాయల ప్రొసీజర్ కానియ్. ఏసీఎల్ దగ్గర ఆగిపోతే ఎర్రర్ మెసేజ్ మొత్తం, నీ ఒరాకిల్ వెర్షన్‌తో సహా పంపు తల్లీ, చూసి చెప్తా.