బెంగళూరు మిద్దె మీద కూరగాయల తోట: ముందు పందిరి ఎటువైపో తేల్చుకోండి

రెండో అంతస్తు మిద్దె, 400 చదరపు అడుగుల చోటు, చూడ్డానికి అందంగా ఉండాలి, ఇంటికి సరిపడా కూరగాయలూ రావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. కుండీలు కొనకముందే పందిరి ఎటువైపు వేయాలో తేల్చుకోండి. నేను తప్పు చేసింది అక్కడే.

మాది అనంతపురం, ఇప్పుడుండేది బెంగళూరు కృష్ణరాజపురంలో. మెట్లెక్కగానే ఎదురుగా పచ్చటి పందిరి కనిపించాలని ఆశపడి దక్షిణం వైపు సొర, బీర పాకించాను. పందిరి బాగా అల్లుకుంది. దాని వెనక పెట్టిన టమాటా, వంగ మాత్రం ఎండ చాలక సన్నగా సాగిపోయి పూత లేకుండా నిలబడ్డాయి. బెంగళూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే: ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు మూడో వారంలో. ఆ మధ్య నాలుగు నెలలు తప్ప మిగతా కాలమంతా మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచే పడుతుంది. అందుకని ఎత్తు పెరిగేవన్నీ ఉత్తరపు పిట్టగోడ దగ్గర పెట్టండి. దాని ముందు టమాటా, వంగ, మిరప, బెండ. అన్నిటికంటే ముందు ఆకుకూరలు, బంతి. అప్పుడు ప్రతి మొక్కకీ ఎండ తగులుతుంది, దక్షిణం నుంచి చూస్తే తోట మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అందం కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు.

రంగులు కావాలంటే ఎర్ర తోటకూర పక్కన పచ్చ తోటకూర చల్లండి, ఎర్ర బచ్చలిని పిట్టగోడ మీదికి పాకించండి. తోటకూరని వేళ్లతో సహా పీకకుండా పైన కోసుకుంటే మళ్లీ చిగురిస్తుంది. గోంగూర మాత్రం ఉగాది దాటగానే వేయండి. పగటి పొద్దు తగ్గే కొద్దీ అది పూతకి వస్తుంది, ఆలస్యంగా వేస్తే ఆకు ఎక్కువ రోజులు దొరకదు. బెండకి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల 'అర్క అనామిక' నాకు నచ్చింది. ఈనెలు పసుపెక్కే తెగులుని తట్టుకునేలా తయారుచేసిన రకం అది.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోవద్దండి. ఒక ఘనపు అడుగు తడి మట్టి 45-50 కిలోలు తూగుతుంది. అందుకే వట్టి మట్టి కాకుండా ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ సమంగా కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. పెద్ద తొట్ల బరువు కింది ఇంటి గోడల మీద పడేలా చూసి, ఇటుకల మీద పెట్టండి. అక్టోబరు వానలకి కింద నీళ్లు నిలిస్తే స్లాబ్ చెమ్మెక్కుతుంది.

ఇంకో టెన్షన్ మీకూ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నాను. పందిరి మార్చాక సొర పిందెలు వేలెడంత అయి పసుపెక్కి రాలిపోయేవి. ఎరువు చాలలేదనుకుని వేస్తూనే పోయాను. ఊరినుంచి వచ్చిన అమ్మ చూసి, "సాయంత్రం పూసే పువ్వు మీదికి పగటి తేనెటీగ యాడొస్తుంది పాపా?" అంది. సొర పువ్వు విచ్చేది పొద్దు వాలాకే, మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకి చేర్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. మా మిద్దె మీదికి అవి అంతగా వచ్చినట్టు లేవు, అందుకే పిందెలు నిలవలేదు. అమ్మ ఆరున్నరకి ఒక మగ పువ్వు తెంపి, రేకులు తీసేసి, వెనక చిన్న కాయ ఉన్న ఆడ పువ్వుల మధ్యలో మెల్లగా అద్దింది. ఆ సాయంత్రం అద్దిన మూడింట్లో రెండు పిందెలు నిలిచాయి.