పాత ఆల్టో కొన్న బిడ్డకు

బిడ్డా,

ఆల్టో కొన్నావని మీ నాన్న చెప్పాడు. 2010 మోడల్, ఏపీ 36 నంబరు, మీటరు లక్షా అరవై వేలు దాటిందట. మీటరు మీది అంకెను మరీ నమ్మకు. దాన్ని వెనక్కి తిప్పేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పెడళ్ల రబ్బర్లు, గేరు రాడ్డు గుబ్బ, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో చూస్తే బండి నిజంగా ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఎక్కువే తిరిగి ఉన్నా దిగులు పడకు. ఆ 800 సీసీ ఇంజన్ మొండిది, చాలా తట్టుకుంటుంది. తట్టుకోలేనిది వేడి. అందుకే ఈ ఉత్తరంలో సగం దాని గురించే రాస్తున్నాను.

మన దగ్గర ఏప్రిల్, మేలో 44 డిగ్రీలు పెద్ద వింతేమీ కాదు. నువ్వేమో హనుమకొండ నుంచి పరకాల దాకా రోజూ స్కూలుకు పోయి వచ్చేదానివి. గూడెప్పాడ్ దాటాక బొగ్గు లారీ అడ్డం వస్తే రెండో గేరులో ఏసీ వేసుకుని దాని వెనకే పోవాలి. అప్పుడు ఇంజన్‌ను కాపాడేవి కూలెంట్ (ఇంజన్ వేడిని మోసే ద్రవం), దాన్ని చల్లార్చే రేడియేటర్ మీది మూత, ఫ్యాన్, థర్మోస్టాట్.

కూలెంట్ తగ్గితే చాలామంది బాటిల్‌లో ఉన్న నీళ్లో, బోరు నీళ్లో పోసేస్తారు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది, ఆ తర్వాత ఎంత కూలెంట్ పోసినా వేడి దిగదు. కలిపి అమ్మే కూలెంట్ కొంటే నేరుగా పోసెయ్. చిక్కటిది కొంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలుపు, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. పొద్దున బండి తీయకముందు ప్లాస్టిక్ ట్యాంకులో మట్టం రెండు గీతల మధ్య ఉందా చూడు. వారం వారం తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. పైపుల చివర్లు, వాటర్ పంపు కింద, ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడి చూడు. కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే హీటర్ లోపలి రేడియేటర్ కారుతోందని అర్థం.

లోపల నీళ్లు తుప్పు రంగులో ఉంటే ఒకసారి కడగాలి. ఇది నువ్వే చేసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక కింది పైపు వదులు చేసి పాతది టబ్బులోకి దింపు. పైపు బిగించి మంచినీళ్లు పోసి, హీటర్ నాబ్‌ను వేడి వైపు పూర్తిగా తిప్పి, మూత పెట్టి కాసేపు నడిపించు. చల్లారాక మళ్లీ దింపు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. చివర్లో కూలెంట్ పోసి, మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే బుడగలు పైకి వస్తాయి, మట్టం తగ్గినకొద్దీ పోస్తూ ఉండు. టబ్బులోది మోరీలో పోయకు, వాకిట్లోనూ వదిలిపెట్టకు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

మూత గురించి ఎవరూ చెప్పరు. దాని రబ్బరు గట్టిపడినా, స్ప్రింగ్ వదులైనా ఒత్తిడి నిలవదు, కూలెంట్ త్వరగా మరుగుతుంది. పాత బండి కొన్నవాళ్లు అడగకుండానే ముందు కొత్త మూత కొనాలంటాను నేను. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. వేడి బండి మీద దాన్ని మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

ఫ్యాన్ చూడాలంటే ఏసీ ఆపి, నిలబడ్డ చోటే ఇంజన్ నడవనివ్వు. వేడి చూపే మీటరు ముల్లు మధ్య దాటుతుండగా ఫ్యాన్ దానంతట అదే తిరిగి, కాసేపటికి ఆగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే చూపించుకున్నాకే బండి రోడ్డు మీదికి తియ్యి.

ఇక థర్మోస్టాట్. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. మన వైపు చాలామంది మెకానిక్‌లు దాన్ని పీకేసి "బండి చల్లగా ఉంటదమ్మా" అంటారు. నాకు నచ్చని పని ఇది. అది లేకపోతే ఇంజన్ సరిపడా వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. పైగా రేడియేటర్ మూసుకుపోయిన సంగతి చలికాలమంతా దాగి ఉండి, ఎండాకాలంలో నడిరోడ్డు మీద బయటపడుతుంది. నీ బండిలో ఉందో లేదో తెలుసుకోవడం సులువే. పొద్దున స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టు, ఫ్యాన్‌కు, బెల్టుకు మాత్రం దూరంగా ఉండాలి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే ఉన్నట్టు. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతూ పోతే పీకేసినట్టో, తెరుచుకుని ఇరుక్కున్నట్టో.

దారిలో ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టు. ఎండలో హీటరేంటి అనుకోకు, ఇంజన్ వేడిని అది లోపలికి లాగేస్తుంది. అయినా తగ్గకపోతే పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేసి, బాగా చల్లారేదాకా ఆగు. స్కూలుకు ఆలస్యమైతే అవనీ. ఎవరో బకెట్ తెచ్చి ఇంజన్ మీద కుమ్మరించబోతే వద్దను, కాలిన హెడ్డు (ఇంజన్ పై భాగం) మీద చల్లనీళ్లు పడితే పగుళ్లు వస్తాయి.

ఇంజన్ ఆయిల్ సంగతి. చదును నేల మీద, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకు ఆయిల్ గేజ్ కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగులో ఉందంటే కూలెంట్ కలిసినట్టు, హెడ్డు కింది సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయి ఉండొచ్చు. ఇక ఆ బండి నడపొద్దు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయన్నమాట. దాంతో చాన్నాళ్లు బతకొచ్చు, ఆయిల్ మట్టం చూసుకుంటూ పోస్తే చాలు. ఎప్పుడూ నీలం పొగే అయితే వేరే కథ.

ఆయిల్ మార్చడం నువ్వూ చేయగలవు, కానీ చేయమని చెప్పను. కిందికి దూరాలి, కాలిన ఆయిల్ ఎక్కడ పోయాలో తెలియక చివరికి మోరీ పాలు చేస్తారు. ఆయిల్, ఫిల్టర్ నువ్వే కొని గ్యారేజీకి పట్టుకుపో. విప్పుతున్నంతసేపూ పక్కనే నిలబడు. ఇంత పాత బండికి, మన దుమ్ములో, 5,000 కిలోమీటర్లకే మార్పించు.

గాలి ఫిల్టర్, ప్లగ్గులు మాత్రం పూర్తిగా నీ పనే. 10, 12, 14 సైజు పానాలు, ఒక ప్లగ్ పానా, ఒక స్క్రూడ్రైవర్, ఒక మల్టీమీటర్ కొనుక్కో. ఫిల్టర్‌ను ఎండకు ఎత్తి చూడు, వెలుతురు కనబడకపోతే పారేసి కొత్తది వెయ్యి. మేడారం జాతరకు పోయి వచ్చాక తప్పకుండా చూడాలి. ప్లగ్గులు మూడే. చల్లటి ఇంజన్ మీద ఒక్కొక్కటే విప్పి, కొన లేత గోధుమ రంగులో ఉందా, మసిగా ఉందా, ఆయిల్ అంటిందా చూడు. పెట్టేటప్పుడు ముందు వేళ్లతోనే తిప్పి, సాఫీగా దిగాకే పానా పట్టాలి. అల్యూమినియం హెడ్డు కదా, మర వంకరగా పడితే పెద్ద రిపేరు.

మల్టీమీటర్ నీ డబ్బులు చాలా మిగులుస్తుంది. రాత్రంతా నిలబడ్డ బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. నడుస్తుండగా 13 కన్నా తక్కువ ఉంటే చూపించాల్సింది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను. ఇది తెలియక చాలామంది మంచి బ్యాటరీని అమ్మేస్తారు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. నీ బండి తయారైనప్పుడు దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పాత రబ్బరు పైపులు దీనికి త్వరగా పాడవ్వచ్చు. పెట్రోల్ వాసన కొంచెం వచ్చినా ఊరుకోకు, పైపులు మార్పించు.

బ్రేకులు, స్టీరింగ్, ఏసీ గ్యాస్ జోలికి పోకు. చూడటం వరకే నీది. ముందు చక్రాల ప్యాడ్లు 3 మిల్లీమీటర్ల కన్నా పలచబడితే మార్పించు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. డిక్కీలో ఉన్న జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద లేపిన బండి కింద చెయ్యి కూడా పెట్టకు.

వానలు. 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు ఎట్లా మునిగాయో నువ్వే చూశావు. నీళ్లలో నిలబడ్డ బండి తాళం తిప్పొద్దు, నీళ్లు దిగిపోయినా తిప్పొద్దు. సిలిండర్లోకి చేరిన నీరు నలగదు, నలిగేది పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్డే. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, బండిని లాగించుకుని పో.

మెకానిక్ దగ్గర రోగం పేరు చెప్పకు, లక్షణం చెప్పు. "లింకు రాడ్ పోయింది" అంటే లింకు రాడ్ మార్చి పంపిస్తాడు. "స్పీడ్ బ్రేకర్ మీద ఎడమ వైపు టక్ మంటోంది, మంచి రోడ్డు మీద రాదు" అంటే అతనే వెతుకుతాడు. విప్పిన పాత పార్టు అడిగి తీసుకో. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారో ఒక నోటుబుక్కులో రాసుకో.

ఆర్సీ చూశావా? 2010 బండికి 15 ఏళ్లు నిండాయి. రెన్యూవల్ అయితే ఐదేళ్లకు ఇస్తారు. 2022 ఏప్రిల్‌లో దాని ఫీజు 600 నుంచి 5,000 చేశారు, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. అమ్మినాయన చేయించకుండానే నీకు అంటగట్టి ఉంటే ముందు ఆ పని చూసుకో.

ఇంకొక్కటి, ఇది అన్నిటికన్నా తొందరది. నీ ఇంజన్‌లో వాల్వులను ఇంజన్ తిరుగుడుతో జతగా నడిపేది టైమింగ్ చైన్ కాదు, బెల్టు. లక్ష కిలోమీటర్లకు మార్చాలి. మార్చిన బిల్లు ఉందేమో అమ్మినాయనను అడుగు. నోటిమాట చాలదు, బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఈ నెలలోనే మార్పించు. బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్, ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే వేయించు. లేకపోతే ఆరు నెలలకు అదే విప్పదీతకు మళ్లీ కూలీ కట్టాలి.

నీ పెద్దనాయిన