ఏప్రిల్‌లో ఒసాకా వెళ్తే చూడదగ్గ పండగలు ఏమున్నాయి?

ముందు మీ తేదీలు చూసుకోండి. ఒసాకా కోట చుట్టూ ఉన్న మామూలు చెర్రీ పూలు సాధారణంగా మార్చి చివర్లో విచ్చుకుని, ఏప్రిల్ రెండో వారానికల్లా రాలిపోతాయి. ఆ తర్వాత వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: నాణేల ముద్రణాలయం.

1871లో మొదలైన ఈ టంకశాల, 1883 నుంచి తన ఆవరణలోని పూలబాటను ఏటా వసంతంలో దాదాపు వారం పాటు జనం కోసం తెరుస్తోంది. ఇక్కడివి ఎక్కువగా ఆలస్యంగా పూసే ముద్ద చెర్రీ పూల రకాలు. ఒక్కో పువ్వుకి బోలెడు రేకులు, గుత్తులుగా వేలాడతాయి. వందకు పైగా రకాలు, చాలా చెట్లకి పేరు రాసిన పలకలు. సుమారు 560 మీటర్ల దారి, అంతా వన్ వే, వెనక్కి రావడం కుదరదు. చాప పరిచి తినడమూ కుదరదు. ఈమధ్య ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోమంటున్నారు, తేదీలు కూడా ఏటా మారతాయి కాబట్టి ప్రయాణం టికెట్లు కొనేముందే చూసుకోవడం మంచిది.

జనం గోల పడనివాళ్లు ఏప్రిల్ 22న షితెన్నోజి ఆలయానికి వెళ్లండి. ఈ ఆలయాన్ని కట్టించిన షోతోకు యువరాజు స్మారకంగా, కొలను మీది రాతి వేదికపై బుగాకు అనే ప్రాచీన ఆస్థాన నృత్యం జరుగుతుంది. వేదిక నాలుగు మూలలా పెద్ద ఎర్ర పూలబంతులు నిలబెడతారు. నాట్యం చాలా నెమ్మది, పిల్లలకి మాత్రం బోర్ కొట్టొచ్చు.