పార్కర్ 51 సిరా పీల్చకపోతే: పార్ట్ వెతికే ముందు చూడాల్సినవి

తాతగారి పార్కర్ 51 ఫౌంటెన్ పెన్ను సిరా పీల్చడం లేదని, దానికి సరిపోయే కన్వర్టర్ (సిరా పీల్చే విడి గొట్టం) హైదరాబాద్‌లో ఎక్కడా దొరకడం లేదని రాశారు. దొరకదండీ. తాతల కాలం నాటి 51కి సాధారణంగా కన్వర్టరే ఉండదు, నింపే ఏర్పాటు పెన్నులోనే బిగించి ఉంటుంది. అది రెండు రకాలు. మీది ఏ రకమో తేలేదాకా డబ్బు ఖర్చుపెట్టకండి.

పెన్ను వెనక కొసన చిన్న మూత విప్పితే నొక్కే పుల్ల కనిపించిందా? అది వాక్యూమాటిక్, 1941 నుంచి 1948 దాకా వచ్చిన రకం. అలా కాకుండా పెన్ను వెనక భాగం మొత్తం తిప్పి విప్పితే లోపల లోహపు తొడుగు, దాని మీద నొక్కే పట్టీ ఉంటే ఏరోమెట్రిక్, 1948 నుంచి వచ్చింది. మన ఇళ్లలో నేను చూసినవి ఎక్కువగా ఈ రెండోవే.

ఏరోమెట్రిక్ అయితే సంతోషించండి. అందులోని ట్యూబు రబ్బరు కాదు, ఒకరకం ప్లాస్టిక్. దశాబ్దాలైనా అంత తేలిగ్గా పాడవదు. మా మేనమామగారి పెన్నుకి ట్యూబు పోయిందని ఒక షాపులో తేల్చేశారు. ఇంటికి తెచ్చి, గిన్నె కడిగే లిక్విడ్ ఒక్క చుక్క కలిపిన గోరువెచ్చని నీళ్లలో పాళీ మునిగేలా రాత్రంతా ఉంచాను. పొద్దున పట్టీ నొక్కితే బుడగలు రాలేదు. మళ్లీ నానబెట్టి, మళ్లీ నొక్కాను. ఉన్నట్టుండి నల్లటి తెట్టె ఒకటి ఊడి వచ్చింది, వెనకే ముదురు నీలం నీళ్లు. ట్యూబులో ఉండే సన్నటి గాలి గొట్టం ఎండిన సిరాతో పూడుకుపోయింది, అంతే. ఇప్పుడు ఆయన రోజూ దానితోనే రాస్తున్నారు. మీరూ ముందు ఇదే చేయండి. వేడినీళ్లు వద్దు. స్పిరిట్ అసలే వద్దు, పెన్ను ప్లాస్టిక్ ఒళ్లు పగుళ్లిస్తుంది. లోహపు తొడుగుని లాగకండి.

వాక్యూమాటిక్ అయితే పార్ట్ కావాలి. లోపలి రబ్బరు పొర ఇన్నేళ్లకు ఎండి పెళుసైపోతుంది, లేదా జిగురులా కరిగిపోతుంది. ఆ పొరలు కొత్తగా తయారవుతున్నాయి, ఆన్‌లైన్‌లో వస్తాయి. రెండు సైజులుంటాయి, 51కి చిన్నది అడగండి. అయితే దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన పట్టు పనిముట్టు కావాలి. పట్టకారుతో తిప్పితే మరలు చితికిపోతాయి, ఆ నష్టం పూడ్చడం చాలా కష్టం.

మన దగ్గర ఇలాంటి సామాను ఎందుకు తక్కువంటే, రాజమండ్రి పెన్నులు మొదలుకొని ఇక్కడి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు చాలావరకు డ్రాపర్‌తో నింపేవే, వాటికి ట్యూబుతో పని లేదు. అయినా అబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్‌లో ఒకసారి అడగండి. పాత షాపు, పెన్నుల మీద నిజమైన ప్రేమున్న చోటు. విడిభాగాల కోసం పనికిరాని పెన్ను కావాలంటే జుమెరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత తిరగండి. అక్కడ అదృష్టం ఉండాలి.

వాక్యూమాటిక్‌ని రిపేరుకి ఎవరికిచ్చినా ముందు ఒక్కటే అడగండి: "వాక్యూమాటిక్ విప్పే పనిముట్టు ఉందా, ఒకసారి చూపిస్తారా?" చూపించలేకపోతే పెన్ను జేబులో పెట్టుకుని వచ్చేయండి.