సైలెన్సర్‌ను గట్టిగా బిగించేది ఒక్క చోటే

ప్రశ్న: రెండుంపావు మీటర్ల రెక్కలున్న నా రేడియో కంట్రోల్ విమానానికి 50 సీసీ పెట్రోల్ ఇంజిన్ అమర్చాను. శబ్దం తగ్గించాలని ఇంజిన్‌తో వచ్చిన సైలెన్సర్‌ను తీసేసి, విమానం పొట్టలో కానిస్టర్ (డబ్బాలాంటి పెద్ద సైలెన్సర్) పెట్టి, ఇంజిన్ పొగను దానికి చేర్చే హెడర్ గొట్టంతో ఇంజిన్‌కు కలిపాను. పది పన్నెండు సార్లు ఎగిరాక హెడర్ ఫ్లాంజ్ (ఇంజిన్‌కు బోల్టులతో బిగించే అంచు) దగ్గర చీలింది. వెల్డింగ్ చేయిస్తే మళ్లీ అక్కడే చీలింది. కదలకుండా ఉండాలని కానిస్టర్ వెనుక భాగాన్ని ప్లైవుడ్ ఫార్మర్‌కు (విమానం ఒంటి లోపలి అడ్డ చట్రానికి) క్లాంపుతో గట్టిగా బిగించాను. తప్పు హెడర్‌దేనా?

జవాబు: హెడర్‌ది కాదు, ఆ వెనుక క్లాంపుదే. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఫైర్‌వాల్ (దాన్ని బిగించిన ముందు గోడ) మీద అదురుతూనే ఉంటుంది. దానితోపాటు హెడర్ కూడా అదరాలి. గొట్టం రెండో కొసను మీరు విమానం ఒంటికి కట్టేశారు కాబట్టి, ఆ అదురంతా ఫ్లాంజ్ పక్కనున్న వెల్డింగ్ గీత మీదనే పడింది. దీనికి వేడి కూడా తోడవుతుంది. అర మీటరు పొడవున్న అల్యూమినియం గొట్టం 200 డిగ్రీల మేర వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. సాగడానికి చోటు లేనప్పుడు ఆ ఒత్తిడి వెళ్లేది కూడా అదే గీతకు. నా దగ్గర చీలిన మొదటి హెడర్‌ను పారేయకుండా పనిబల్ల మీదే ఉంచుకున్నాను. వెల్డింగ్ అంచున వెంట్రుకంత సన్నని మసి గీత ఒకటి గొట్టాన్ని సగం దాకా చుట్టి ఉంటుంది. ప్రతి ఎగురుడు తర్వాత ఇంజిన్ చల్లారాక మీరు ఆ చోటును గుడ్డతో తుడిచి చూడండి, చీలిక పెద్దది కాకముందే మసి రూపంలో పట్టుబడుతుంది.

సైలెన్సర్ వ్యవస్థను గట్టిగా బిగించేది ఇంజిన్ దగ్గర ఒక్కటే చోటు, మిగతా చోట్ల దాన్ని మెత్తగా ఆనించి ఉంచాలి. కానిస్టర్ వెనుక కొసను సిలికాన్ గొట్టపు ముక్కతోనో, వేడికి తట్టుకునే రబ్బరు రింగుతోనో పట్టి ఉంచితే అది ముందుకూ వెనక్కూ జరగగలుగుతుంది, అదే సమయంలో కిందికి వేలాడదు. పొగ బయటికి వెళ్లే కొస గొట్టం విమానం ఒంటిని ఎక్కడా తాకకూడదు. బిగించాక కానిస్టర్‌ను వేలితో నెట్టి చూడండి. కొంచెం కదిలి తిరిగి తన చోటికి వస్తే అమరిక సరిగ్గా ఉన్నట్టు.

హెడర్‌కూ కానిస్టర్‌కూ మధ్య కలిపే కప్లర్ పెట్రోల్ ఇంజిన్‌కైతే టెఫ్లాన్‌దే ఉండాలి. అయినా టెఫ్లాన్ నికరంగా ఓర్చుకునేది 260 డిగ్రీల వరకే. అందుకే కప్లర్ లోపల రెండు గొట్టాల కొసల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి ఖాళీ వదలకండి. వేడి పొగ నేరుగా టెఫ్లాన్‌ను తాకితే అది నల్లబడి, పెళుసెక్కి, మీరు గమనించేలోపే ఊడిపోతుంది. గొట్టాల కొసలు ఒకే వరుసలో లేకుండా వంకరగా ఉంటే క్లాంపు బిగించి సరిచేయాలని చూడకండి, ముందుగా హెడర్ వంపును సరిచేయించండి.

గాలి సంగతి కూడా మరవకండి. కానిస్టర్ చుట్టూ కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచి, ముందు నుంచి వచ్చే గాలికి వెనుక దారి చూపాలి. గాలి బయటికి పోయే రంధ్రం లోపలికి వచ్చే రంధ్రానికి రెండు మూడు రెట్లు పెద్దదిగా ఉండాలి. చాలామంది ముందు రంధ్రాన్ని పెద్దది చేసి ఊరుకుంటారు, కానీ పోయే దారి లేని గాలి లోపల నిలిచి వేడెక్కడమే తప్ప దేన్నీ చల్లబరచదు.

ప్రశ్న: 10 సీసీ టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్ (మిథనాల్ ఇంధనంతో, గ్లో ప్లగ్‌తో నడిచేది) నేల మీద చక్కగా నడుస్తోంది. గాలిలో రెండు మూడు నిమిషాలకు శబ్దం పలచబడి ఆగిపోతోంది. దించి చూస్తే సైలెన్సర్ బోల్టులు వదులై, అతుకు చుట్టూ నల్లని నూనె కారి ఉంటోంది. బోల్టులకు థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) కూడా వేశాను.

జవాబు: రెండూ ఒకే జబ్బు. గ్లో ఇంజిన్‌లో ఇంధన ట్యాంకుకు ఒత్తిడి సైలెన్సర్ నుంచే సన్నని గొట్టం ద్వారా వస్తుంది. అతుకు దగ్గర పొగ బయటికి పోతే ట్యాంకులో ఒత్తిడి తగ్గి, ఇంజిన్‌కు చాలినంత ఇంధనం అందదు, వేడెక్కి ఆగిపోతుంది. గాలిలో ప్రొపెల్లర్ మీద భారం తగ్గి వేగం పెరుగుతుంది కాబట్టి, నేల మీద కనిపించని లోపం అక్కడ బయటపడుతుంది.

బోల్టులు వదులవడానికి కారణం లోహాలలోనే ఉంది. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. వేడెక్కిన ప్రతిసారీ సైలెన్సర్ బోల్టును లాగి గాస్కెట్‌ను నొక్కుతుంది, చల్లారాక ఆ మేరకు బిగువు తగ్గుతుంది. మామూలు థ్రెడ్ లాకర్ 150 డిగ్రీలు దాటితే పట్టు వదులుతుంది, ఇక్కడ దానిమీద ఆధారపడకండి. బోల్టులనూ రంధ్రాలనూ స్పిరిట్‌తో నూనె జిడ్డు లేకుండా తుడిచి, కొత్త గాస్కెట్ వేసి, లాక్ వాషర్లతో బిగించండి. ఒకసారి ఇంజిన్ నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించడం తప్పనిసరి. ఆ తర్వాత రెండు మూడు సార్లు ఎగిరాక మరోసారి చూసుకోండి. ఒత్తిడి గొట్టం పగిలిందేమో, దాన్ని తొడిగే నిపుల్ వదులైందేమో కూడా ఈ పనిలోనే చూడండి.

ప్రశ్న: టూ స్ట్రోక్ ఇంజిన్ శక్తి పెంచేందుకు పెట్టే ట్యూన్డ్ పైపు (పొడవు లెక్కగా కుదిర్చిన ఎగ్జాస్ట్ గొట్టం) పొడవును ఎలా నిర్ణయించాలి?

జవాబు: పిస్టన్ దగ్గర బయలుదేరిన ఒత్తిడి అల పైపు చివరి శంకువును తాకి, ఎగ్జాస్ట్ రంధ్రం మూసుకోబోయే సమయానికి తిరిగి రావాలి. అప్పుడే అది బయటికి జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని సిలిండర్‌లోకి నెడుతుంది. వేడి పొగలో అల వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు. ఒక చుట్టులోని 360 డిగ్రీలలో 150 డిగ్రీల మేర రంధ్రం తెరిచి ఉండే ఇంజిన్ నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే ఆ వ్యవధి 2.1 మిల్లీసెకన్లు. అల వెళ్లి తిరిగి రావాలి కాబట్టి అందులో సగం సమయమే ఒక వైపు ప్రయాణానికి, అంటే పిస్టన్ ముఖం నుంచి శంకువు మధ్యకు దూరం సుమారు 52 సెంటీమీటర్లు. 8,000 చుట్లకైతే 78 సెంటీమీటర్లు. ఈ లెక్కను మొదటి అంచనాగానే తీసుకుని, దానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ పొడవుతో మొదలుపెట్టి, హెడర్‌ను ఐదేసి మిల్లీమీటర్ల చొప్పున కోస్తూ ప్రతిసారీ గాలిలో పరీక్షించండి. పొడవు మరీ తగ్గితే ఇంజిన్ వేడెక్కి కుంగుతుంది, కోసిన ముక్క మళ్లీ అతకదు. అందుకే కోయడం మొదలుపెట్టే ముందు ఇంకో హెడర్ చేతిలో ఉంచుకోండి.