బిడ్డా, ముందు దారం తడిపి చూడు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, అది ముంబైలో ఉద్యోగం మానేసిందట. దేవరకొండ దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకుందట. తండా ఆడవాళ్లతో కుట్టుపని చేయించి పెద్ద పెద్ద డిజైనర్లకు అమ్ముతుందట" అని ఒక్క ఊపిరిలో చెప్పి, "అంతా నీ వల్లే" అంటూ పెట్టేసింది.

నవ్వొచ్చింది. సెలవులకు మా ఇంటికొచ్చి, నా కుట్టుపని డబ్బా మంచం మీద గుమ్మరించి, గవ్వలొక పక్క, అద్దాలొక పక్క ఏరిపెట్టిన పిల్లవి నువ్వు. వేలు తెగినా ఏడవకుండా కొంగులో దాచుకున్నావు. నా పిచ్చి ఒకరికైనా అంటింది కదా అని కాసేపు మురిసిపోయాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "ఆఁ పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, వినవు. అందుకే రాస్తున్నాను.

మామూలు సంగతులు నాకంటే నీకే బాగా తెలుసు. చిన్న యూనిట్లకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్‌లో రిజిస్టర్ చేయించుకో. హస్తకళాకారులకు హస్తకళల శాఖ ఇచ్చే గుర్తింపు కార్డుకు, అదే పెహచాన్ కార్డుకు, ఆడవాళ్లతో దరఖాస్తులు పెట్టించు. నీ సొంత ఖర్చుకొక ఖాతా, పనికొక ఖాతా ఉంచుకో. నాట్లప్పుడు, పత్తి తీసేటప్పుడు తండాలో ఎవరూ సూది పట్టరు, ఆ నెలల్లో డెలివరీ ఒప్పుకోకు.

ఇక ఆ పెద్ద డిజైనర్ల సంగతి. 2023 మార్చిలో ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు పారిస్ ఫ్యాషన్ కంపెనీ డియోర్ వాళ్లు షో పెట్టినప్పుడు నువ్వే కదా నాకు ఫోటోలు పంపింది? ఆ తోరణమంత పెద్ద కుట్టుపని చూసి నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ముంబైలోని చాణక్య వర్క్‌షాపులో చేశారని చెప్పావు. పారిస్ వాళ్ల బట్టలకు మన దేశపు చేతులు కుట్టడం కొత్తేమీ కాదు, పైకి చెప్పడమే కొత్త అని అప్పుడే అన్నాను. నువ్వు కూడా చెప్పించు. ఎవరి చెయ్యి కుట్టిందో ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పేరు, లేదంటే తండా పేరు బట్టతో పాటు వెళ్లాలి. ఆ మాట కాగితం మీదే రాయించుకో.

పేరు ఒక్కటే కడుపు నింపదని కూడా గుర్తుంచుకో. నర్సాపురం లేసు చూడు. మిషనరీలు నేర్పిన అల్లిక అది, వందేళ్లకు పైగా విదేశాలకు వెళ్తూనే ఉంది. గడప దాటకుండా రోజంతా అల్లిన మనిషిని అడిగితే "నేనేం పని చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను" అనేది. ఆవిణ్ణి అలా అనిపించిన వ్యాపారం అది. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే కాగితం, వచ్చింది, సంతోషమే. ఆ కాగితం వల్ల సూది పట్టిన మనిషికి రోజుకు ఎంత పెరిగిందన్నదే నేను అడిగే ప్రశ్న. లంబాడీ కుట్టుపనికి కర్ణాటకలోని సండూరు పేరు మీద జీఐ ఉంది. 2023లో హంపీలో జీ-20 సమావేశమప్పుడు సండూరు వాళ్లు 1,755 లంబాడీ కుట్టు వస్తువులు ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. నువ్వు గదుల్లో బల్లలు వేయించేముందు ఒకసారి సండూరు పోయి రా. బస్సు దూరమే.

సరే, అసలు సంగతికి వస్తాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు ఇది.

ముప్పై ఏళ్ల కిందటి మాట. రెండు తండాల్లో కలిపి 22 మంది నాతో పనిచేసేవాళ్లు. సిటీ నుంచి ఒక ఎగుమతి ఏజెంటు వచ్చాడు. 120 కుషన్ కవర్లు కావాలన్నాడు, మీగడ రంగు ముతక నూలు బట్ట మీద ఎరుపు, నలుపు, నీలం దారం, మధ్యలో అద్దాలు. కవరుకు 35 రూపాయలు కుట్టుకూలి. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. మనవాళ్లు గీత లేకుండా పోగులు లెక్కపెట్టి కుట్టేవాళ్లు, కానీ అన్నీ అచ్చం ఒకేలా ఉండాలని ఏజెంటు పట్టుబట్టాడు. బటర్ పేపరుకు సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన నీలిరంగు గుడ్డతో అద్ది, ప్రతి కవరు మీదా ముగ్గు దింపాను. ఆ నీలం పోవాలంటే కుట్టాక ఒకసారి ఉతకాల్సిందే.

దారం దగ్గర కక్కుర్తి పడ్డాను. మంచి కంపెనీ లచ్చీలు కొంటే లెక్క తేలడం లేదని, హోల్‌సేల్ కొట్లో కిలోల లెక్కన లూజు దారం తెచ్చాను. ఎర్రగా, నిగనిగలాడుతూ, చూస్తే ముద్దొచ్చేది.

ఆరు వారాలు కుట్టారు. పెరట్లో పెద్ద గంగాళం పెట్టి, సబ్బు నీళ్లలో మొదటి నలభై నానేశాను. టీ తాగి వచ్చేసరికి నీళ్లు పారాణి కలిపినట్టున్నాయి. చెయ్యి పెట్టి ఒక కవరు తీశాను. మీగడ రంగంతా గులాబీ. నలుపు దగ్గర బూడిద మచ్చ. పిండితే ఇంకా దిగుతోంది. ఉప్పు వేశాను, వెనిగర్ వేశాను, ఎవరో చెప్పారని పటిక కూడా వేశాను. ఒకసారి బట్టకు పట్టిన రంగు అంత తేలిగ్గా వదులుతుందా? మిగిలిన ఎనభై ఉతకకుండానే పంపుదామంటే నీలి గీతలు కనబడుతున్నాయి. ఏజెంటు మొత్తం సరుకు వద్దన్నాడు. ఇచ్చిన అడ్వాన్సు కూడా వెనక్కి అడిగాడు.

ఇంతవరకూ దురదృష్టం అనుకో. తర్వాత చేసిందే తప్పు.

శనివారం ఆడవాళ్లు డబ్బులకు వచ్చారు. "పార్టీ డబ్బులివ్వలేదమ్మా, నేనెక్కడి నుంచి తేను?" అన్నాను. అంతటితో ఆగానా, లేదు. వాళ్లలో నెమ్మదైన ఒకావిడను, యాడి అని, అంటే లంబాడీ మాటలో అమ్మ అని, పిలిచేవాళ్లం, ఆవిణ్ణి పట్టుకుని "తడి చేతుల్తో కుట్టుంటారు, చెమట పట్టుంటుంది, అందుకే రంగు దిగింది" అన్నాను. అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు. దారం కొన్నది నేను, తడిపి చూడనిది నేను. ఆవిడ ఏమీ అనకుండా కుప్పలోంచి తను కుట్టిన కవరు ఒకటి వెతికి తీసింది. ఎలా గుర్తుపట్టిందో, నాకైతే అన్నీ ఒకేలా ఉండేవి. దాన్ని తిరగేసి వెనక వైపు నా ముందు పరిచింది. ఒక్క ముడి పైకి తేలలేదు, ఒక్క పోగు వేలాడలేదు. "నా కుట్టు ఊడిందా?" అని అడిగింది. అంతే. కవరు మడిచి అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత మీ పెదనాన్న పీఎఫ్ లోను పెట్టి డబ్బు తెచ్చారు. అందరికీ ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. ఆవిడ మిరపకాయలు ఏరడానికి గుంటూరు వైపు పోయిందట. ఆరు కవర్లకు 210 రూపాయలు కోడలి చేతిలో పెట్టాను. దేనికని అడిగింది. చెప్పలేక, పాత బాకీ అన్నాను. ఆవిడ మళ్లీ నా దగ్గర సూది పట్టలేదు.

ఇంకొకటి ఆ లోను కాగితాల మీద లెక్కలు వేసేటప్పుడు తెలిసింది. ఒక్కో కవరుకు రెండు రోజులు పట్టింది వాళ్లకు. అంటే రోజుకు 17 రూపాయల 50 పైసలు. రంగు దిగకపోయినా, ఏజెంటు పువ్వుల్లో పెట్టి డబ్బులిచ్చినా, నేనిచ్చేది అదే. ఉపాధి కల్పిస్తున్నానని ఊరంతా చెప్పుకుని తిరిగాను నేను!

కాబట్టి విను. కుట్టిన రోజే డబ్బులు. కొనేవాడు ఇచ్చాడా లేదా అన్నది నీ తలనొప్పి, వాళ్లది కాదు. మూడు నెలల కూలికి సరిపడా డబ్బు చేతిలో లేకుండా పెద్ద ఆర్డరు ముట్టుకోకు. సగం అడ్వాన్సు రాకుండా బట్ట కత్తిరించకు. నీలాంటి చిన్న యూనిట్‌కు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం ఉంది, ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. నా కాలంలో లేదు, నీకుంది. డిజైనర్ పెద్ద పేరున్నవాడని మొహమాటపడకు. ఒక్కరికే కుట్టాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు అంటే సంతకం పెట్టకు. ఈ ఏడాది అద్దాలు ఫ్యాషన్, వచ్చే ఏడాది వద్దంటారు. అప్పుడు వాడికేం, తండాకు కదా పస్తు.

ధర చెప్పేముందు గడియారం పెట్టుకుని వాళ్ల పక్కన కూర్చో. అద్దానికి రంధ్రం ఉండదు కదా, బొటనవేలితో నొక్కిపట్టి, మీద నుంచి అడ్డంగా, నిలువుగా నాలుగు దారాలు బిగించి, ఆ నాలుగింటినీ ఆసరా చేసుకుని చుట్టూ అంచు కడతారు. ఆ మొదటి నాలుగు దారాలు వదులైతే మూడో ఉతుక్కి అద్దం రాలిపోతుంది. కాబట్టి తొందరపెట్టకు. అందరికంటే వేగంగా కుట్టే చేతిని కొలిచి లెక్క కట్టకు, మధ్యరకం చేతిని కొలువు. ముడులు వెయ్యడం, సూది ఎక్కించడం, తప్పు కుట్టు విప్పడం కూడా పనే. శాంపిల్ మాత్రం ఎప్పుడూ మంచి చెయ్యే కుడుతుంది, డిజైనర్ దానికే మురుస్తాడు, మిగతా వంద అలా రావు. ఈ మాట ముందే చెప్పు.

దారం సంగతి మళ్లీ చెబుతున్నాను, విసుక్కోకు. కొన్న ప్రతి లచ్చీ లోంచి జానెడు కత్తిరించు. సబ్బు నీళ్లలో తడిపి, తెల్ల నూలు గుడ్డ మడతలో పెట్టి, వేడి ఇస్త్రీ పెట్టెతో ఒకసారి నొక్కి, పెట్టె తీసేసి, ఆ మడత రాత్రంతా అలాగే ఉంచు. పొద్దున గుడ్డ తెల్లగా ఉంటేనే వాడు. నిన్న చూసిన నంబరే కదా అని వదిలెయ్యకు, కొత్త లాటు వస్తే మళ్లీ చూడు. ఎరుపు, మెరూన్, నలుపు అస్సలు నమ్మకు. మీ పెదనాన్న నన్ను దారాల పిచ్చి అనేవారు. అననీ.

పాత పేటియాలు, కాంచళీలు, అంటే తండా ఆడవాళ్ల లంగాలు, రవికలు, ఎవరైనా అమ్మడానికి తెస్తే కొని దాచు, కత్తిరించి బ్యాగులకు అతికించకు. డిజైనర్లు అడుగుతారు, "వింటేజ్" అని మంచి రేటు కూడా ఇస్తారు. ఒక ముసలావిడ పెళ్లినాటి పేటియాకు కత్తెర పెట్టే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. దాన్ని చూసి మనవరాలు కొత్తది కుట్టగలగాలి, ఆ పని ఇప్పించు.

నువ్వు వాళ్లను ఉద్ధరించడానికి వచ్చానని మాత్రం అనకు. 1969లో కచ్‌లో కరువొచ్చినప్పుడు చందాబెన్ ష్రాఫ్ ధనేటీ అనే ఊరికి సాయానికి వెళితే, ఊరికే పెట్టే తిండి వద్దు, పని ఇప్పించమన్నారట అక్కడి ఆడవాళ్లు. అక్కడి ఆడవాళ్లతో కుట్టుపని చేయించే శ్రుజన్ సంస్థ అలా మొదలైంది. తండాలో కూడా అదే పౌరుషం. పెద్దవాళ్లను యాడి అను, నీ ఈడు వాళ్లను అక్కా అను. "మా లేబర్" అన్నావని తెలిస్తే మాత్రం అక్కడికే వచ్చి చెవి మెలేస్తాను.

ఆ గదులకు ఉత్తరం వైపు కిటికీ ఉందా? లేకపోతే ట్యూబులైట్లు ఎక్కువ పెట్టించు. నలభై దాటినవాళ్లకు కళ్లు పరీక్ష చేయించు, కళ్లద్దాల ఖర్చు ధరలోనే కలుపుకో. మధ్యాహ్నం నువ్వూ వాళ్లతోనే తిను. టీ మీద బతికే అలవాటు ముంబైలోనే వదిలేసి రా. చిక్కిపోయావని మీ అమ్మ అంటోంది. ఫోటోలో నాకూ అలాగే కనబడ్డావు, చెప్పలేదంతే.

వచ్చే ఆదివారం దేవరకొండ బస్సెక్కుతున్నాను. నాకోసం ఏమీ వండకు, చద్ది మూట తెచ్చుకుంటాను. ఒక బకెట్టు, తెల్ల గుడ్డ, ఇస్త్రీ పెట్టె సిద్ధంగా ఉంచు. మిగతా రంగులు కొంటే కొన్నావు, ఎరుపు మాత్రం నేనొచ్చేదాకా కొనకు.

మీ పెద్దమ్మ