ఏం వింటున్నారు? జాజ్, ప్రపంచ సంగీతం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బం వింటున్నాను. అందులో ‘సో వాట్’ అచ్చం ఖరహరప్రియలా మొదలై, ఉన్నట్టుండి శ్రుతి మారిపోతుంది. పైగా మా ఇంట్లో ఉన్న పాత ఎల్పీకి వేణువు కలిపితే కలవదు. తేడా ఎక్కడుంది? (విజయవాడ)

జవాబు: మీ చెవిలో తేడా ఏమీ లేదు. ఆ పాట డి డోరియన్ అనే స్వరమేళంలో ఉంది. డి, అంటే మన రెండు శ్రుతి, షడ్జం అనుకుంటే మిగతావన్నీ ఖరహరప్రియ స్వరాలే. పోలిక అంతవరకే. గమకాల కోసం, రాగ సంచారాల కోసం చూస్తే నిరాశే మిగులుతుంది.

శ్రుతి మారడం కూడా నిజమే. ఒక్కో ఆవర్తనం 32 బార్లు, బారుకు 4 దెబ్బలు. మొదటి 16 బార్లు డి మీద, తర్వాతి 8 అర మెట్టు పైన ‘ఈ-ఫ్లాట్’ అనే స్వరం మీద, చివరి 8 మళ్లీ డి మీద. ఖరహరప్రియ అలాగే ఉంటుంది, షడ్జం ఒక్కటే పైకి జరుగుతుంది. ఎనిమిదేసి బార్లను ఒక వేలుగా లెక్కపెట్టుకోండి. నాలుగు వేళ్లకు ఒక ఆవర్తనం, మూడో వేలు దగ్గర శ్రుతి మార్పు. మొత్తం నిమిషం లోపే తిరిగి వస్తుంది. మొదట్లో పియానో, బాసు తాళం లేకుండా అర నిమిషం పాటు వాయించేది లెక్కలోకి రాదు. బాసు పల్లవి లాంటి మాట అంటుంటే మిగతావాళ్లు రెండేసి కార్డులతో (ఒకేసారి మోగే స్వరాల గుంపులతో) జవాబు చెప్పే చోట లెక్క మొదలుపెట్టండి. ఆ తర్వాత మైల్స్ ట్రంపెట్ 2 ఆవర్తనాలు, జాన్ కోల్ట్రేన్ టెనర్ సాక్సఫోన్ 2, కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో సాక్సఫోన్ 2, బిల్ ఎవాన్స్ పియానో 1. లెక్క తప్పితే గాభరా పడకండి. శ్రుతి పైకి జరిగినప్పుడు మూడో వేలు పట్టుకుంటే దారిలో పడతారు.

ఇక ఎల్పీ. మీ వేణువును అనుమానించకండి. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా వారి 30వ వీధి స్టూడియోలో రికార్డు చేస్తున్నప్పుడు ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపును మామూలు వేగంతో నడిపితే పాట వేగం పెరుగుతుంది, శ్రుతి పైకెక్కుతుంది. అందుకే పాత ఎల్పీల మొదటి వైపున ఉన్న మూడు పాటలూ అసలు శ్రుతి కంటే కొద్దిగా పైన పలుకుతాయి. రెండో వైపు ఏప్రిల్ 22 నాటిది, దానికి ఈ దోషం లేదు. మార్చి 2నే జాగ్రత్త కోసం రెండో యంత్రం మీద తీసిన టేపు సరైన వేగంతోనే ఉంది. 1992లో దాని నుంచి సరిదిద్దిన సీడీ వచ్చింది. మీ ప్లేయర్‌కు పిచ్ కంట్రోల్ ఉంటే మొదటి వైపుకు మాత్రం కొంచెం తగ్గించి, వేణువు కలిసే చోట ఆపండి. రెండో వైపుకు తిప్పగానే సున్నాకు తేవడం మరిచిపోవద్దు. లేదంటే ఈసారి వేణువే పైన వినిపిస్తుంది.

ప్రశ్న: డేవ్ బ్రూబెక్ ‘టేక్ ఫైవ్’కి ఖండచాపు వేస్తున్నాను. అయిదు అయిదుగానే పడుతోంది కానీ ఎక్కడో ఎదురు తగులుతోంది. (రాజమహేంద్రవరం)

జవాబు: అయిదు సరే, విరుపు తిరగబడింది. ఖండచాపు 2+3: తక తకిట. ‘టేక్ ఫైవ్’ పియానో మాత్రం 3+2: తకిట తక. మొదటి అక్షరం ఎక్కడ పడాలో తెలియాలంటే సాక్సఫోన్‌ను కాసేపు వదిలేసి పియానోనే వినండి. పాట పొడుగునా అది ఒకే వరుసను తిప్పుతూ ఉంటుంది. మధ్యలో జో మొరెల్లో డ్రమ్స్ తనియావర్తనం లాంటిది వస్తుంది. అందరూ లెక్క పోగొట్టుకునేది అక్కడే, ఎందుకంటే ఆయన అయిదు మీద కాకుండా దాని చుట్టూ వాయిస్తాడు. అప్పుడు కూడా పియానో ఆగదు, దాన్ని పట్టుకుని ఉండండి. అన్నట్టు, ఈ పాట కట్టింది బ్రూబెక్ కాదు, ఆయన బృందంలో ఆల్టో సాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్.

అదే ‘టైమ్ అవుట్’ ఆల్బంలో ‘బ్లూ రొండో ఆలా టర్క్’ మీకు ఇంకా నచ్చుతుంది. ఇస్తాంబుల్ వీధుల్లో వాయిద్యగాళ్ల దగ్గర బ్రూబెక్ విన్న తొమ్మిది దెబ్బల నడక అది. ‘తక తక తక తకిట’ మూడుసార్లు, నాలుగోసారి ‘తకిట తకిట తకిట’. ఇది పైకి అంటూ వినండి, తాళం వేయడం తర్వాత. సోలోలు వచ్చేసరికి మామూలు నాలుగు దెబ్బల బ్లూస్‌లోకి వెళ్లిపోతుంది. అక్కడ తొమ్మిది పట్టుకుని వేలాడితే మాత్రం కష్టం.

ప్రశ్న: ఫోన్‌లో జాజ్ వింటుంటే బాసు వినబడదు. ఇయర్‌ఫోన్లు పెడితే డ్రమ్స్ అంతా ఒక చెవిలో, సాక్సఫోన్ మరో చెవిలో. ఫోన్ పాడైందా? (వరంగల్)

జవాబు: లేదు. నిలువు బాసులో అన్నిటికంటే కింది తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. ఈక్వలైజర్‌లో బాసు పెంచితే స్పీకర్ బరబరలాడడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. బాసు లేకుండా జాజ్ వినడమంటే మృదంగం లేని కచేరీ వినడమే, కాబట్టి ఇయర్‌ఫోన్లు తప్పనిసరి.

రెండోది రికార్డింగ్ తీరు. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో, 1950ల చివర, 60ల మొదట్లో, చాలా రికార్డుల్లో వాయిద్యాలను పూర్తిగా ఎడమకో కుడికో పెట్టేశారు. గదిలో రెండు స్పీకర్ల మీద వింటే ధ్వని గాలిలో కలుస్తుంది, చెవుల్లో కలవదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. అలాంటి పాటలకు ఇదే మేలు. కొత్త రికార్డులకు మళ్లీ ఆఫ్ చేసుకోండి. పనిలో పనిగా యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) కూడా తీసేయండి. చప్పట్ల నుంచి తర్వాతి పాటలోకి సాగే లైవ్ ఆల్బంలను అది పాడుచేస్తుంది.

ప్రశ్న: మాండలిన్ శ్రీనివాస్ గారి కోసం ‘రిమెంబర్ శక్తి’ ఆల్బం పెట్టుకున్నాను. మాండలినే లేదు! (పాలకొల్లు)

జవాబు: 1999లో ఆ పేరుతో వచ్చిన మొదటి ఆల్బంలో ఉన్నది హరిప్రసాద్ చౌరాసియా వేణువు. మీ ఊరి బిడ్డ కావాలంటే 2000లో వచ్చిన ‘ది బిలీవర్’ పెట్టండి. జాన్ మెక్లాలిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర, శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్. గిటారు ఏదో మాండలిన్ ఏదో తెలియకపోతే పై స్థాయిలో, సన్నగా, గమకంతో జారేది శ్రీనివాస్‌ది. మామూలు మాండలిన్‌కు జంట తీగలు ఉంటాయి, వాటి మీద గమకం లాగడం కష్టం. ఆయన వాద్యానికి ఉన్నవి 5 ఒంటి తీగలు.

ప్రశ్న: మాలీ దేశపు తుమానీ జబాతే కోరా వింటున్నాను. ఒక్కరే వాయిస్తున్నారంటే నమ్మకం కలగడం లేదు. ఎలా వినాలి? (డాలస్)

జవాబు: 1988 నాటి ‘కైరా’తో మొదలుపెట్టండి. అందులో కోరా తప్ప ఇంకేమీ లేదు. కోరాకు పెద్ద సొరకాయ బుర్ర సగానికి కోసి తోలు బిగిస్తారు, తీగలు 21. వాయించేది నాలుగే వేళ్లతో: రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు. బొటనవేళ్లు కింది స్వరాలతో ఒక వరుసను తిప్పుతూ ఉంటాయి, దాన్ని కుంబెంగో అంటారు. దాని మీద చూపుడువేళ్లు జలజలా రాల్చే సంగతులు బిరిమింటింగో. మొదటిసారి కుంబెంగో మాత్రమే వినండి, నోటితో అనగలిగేదాకా. చాలామంది పై సంగతుల వెంట పరుగెత్తి, అంతా ఒకేలా ఉందని పక్కన పెట్టేస్తారు. ఆ తర్వాత బల్లాకే సిసోకోతో కలిసి చేసిన ‘న్యూ ఏన్షెంట్ స్ట్రింగ్స్’, ఆపైన అలీ ఫర్కా తురే గిటారుతో 2005 నాటి ‘ఇన్ ది హార్ట్ ఆఫ్ ది మూన్’. ఈ వరుసే ఎందుకంటే ఒక కోరా చెవికి పట్టకుండా రెండు కోరాలు వింటే విడదీయలేరు.

ప్రశ్న: ఇథియోపియా పాటల్లో మోహనం వినిపిస్తోంది. నా భ్రమా? (హైదరాబాద్)

జవాబు: భ్రమ కాదు. అక్కడి తిజితా అనే స్వరమేళంలో పెద్ద గాంధారం ఉన్న రకం స రి గ ప ద, మోహనమే. అంబాసెల్ అనే మరో స్వరమేళం కూడా విని చూడండి, అది గుణక్రి రాగానికి దగ్గర. వాద్య సంగీతమే కావాలంటే ‘ఎథియోపీక్స్’ ఆల్బంల వరుసలో 4వ సంపుటం, 1969–74 మధ్య ములాటు అస్తాత్కే చేసిన రికార్డింగులు. మిగతా సంపుటాల్లో చాలావరకు గాత్రం ఉంటుంది, కొనేముందు అంకె చూసుకోండి.